మాపటేల ఆరు గంటలకు: తోడు పోయాక బతుకు మళ్ళీ కుదుర్చుకోవడం

పెద్దకర్మ అయిపోతుంది. షామియానా విప్పేస్తారు. అద్దెకు తెచ్చిన గిన్నెలు లెక్కపెట్టి వెనక్కి పంపుతారు. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన పిల్లలు సెలవు అయిపోయిందని ఒక్కొక్కరే బస్సెక్కుతారు. పదమూడో రోజో పద్నాలుగో రోజో ఇంట్లో మొదటిసారి ఒక్కరే మిగులుతారు. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. అప్పటిదాకా చుట్టూ మనుషులున్నారు, చెయ్యాల్సిన తంతు ఉంది, ఏడిస్తే వీపు నిమిరే చెయ్యి ఉంది. కింద రాసిందంతా ఆ తర్వాతి ఏడాది, ఏడాదిన్నర గురించి. భర్త పోయిన ఆడవాళ్ళకూ, భార్య పోయిన మగవాళ్ళకూ.

"కాలమే మాన్పుతుంది" అని వచ్చినవాళ్ళంతా చెప్పి పోతారు. గోడకేసి చూస్తూ కూర్చుంటే కాలం ఏమీ మాన్పదు, ఊరికే గడుస్తుంది. అట్లాగని సంతోషాన్ని వెతుక్కుంటూ పోయినా అది దొరికేది కాదు. చెయ్యగలిగింది ఇంకొకటి ఉంది. దుఃఖం రోజు పొడుగునా ఒకే బరువుతో ఉండదు. కొన్ని గంటల్లో గూడు కట్టుకుని కూర్చుంటుంది. అవి ఏ గంటలో కనిపెట్టి, ఒక్కో గంటనే పట్టుకుని సరిచేసుకుంటూ రావాలి.

ముందు వారం రోజులు రాయండి

పది రూపాయల నోటు పుస్తకం చాలు. రోజుకొక పేజీ. పొద్దున అయిదు నుంచి రాత్రి పది వరకు ఎడమ పక్కన గంటలు వేసుకోండి. ఒక్కో గంట ఎట్లా గడిచిందో గీతలు పెట్టండి: ఫరవాలేదనిపిస్తే ఒక గీత, భారంగా ఉంటే రెండు, తట్టుకోలేకపోతే మూడు. పక్కన రెండే మాటలు, ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో. "వసారాలో, ఊరికే." "వంటింట్లో, పాలు." రాయడం రానివాళ్ళు పెద్ద గళ్ళ క్యాలెండరులో పొద్దున, మధ్యాహ్నం, మాపటేల, రాత్రి అని నాలుగు చోట్ల గీతలు పెట్టుకున్నా సరిపోతుంది. నడిరాత్రి మెలకువ వస్తే తెల్లారి ఆ సమయం కూడా రాయాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. రాత్రి పడుకునే ముందు రోజంతటికీ కలిపి ఒకేసారి రాస్తారు. ఆ సమయానికి మనసు చీకటిగా ఉంటుంది కాబట్టి పేజీ అంతా మూడు గీతలే పడతాయి. పూటకొకసారైనా రాయండి. ఒక గీత పడ్డ గంటల్ని వదలకండి, తర్వాత పనికొచ్చేవి అవే.

వారం తిరిగేసరికి ఒక వరస కనిపిస్తుంది. కొందరికి పొద్దున కాఫీ పెట్టేటప్పుడు, రెండు గ్లాసులకు బదులు ఒకటే కడగాల్సి వచ్చినప్పుడు. కొందరికి మాపటేల ఆరు గంటలకు, వీధిలో ప్రతి బండి చప్పుడూ ఆయన బండే అనిపించే వేళ. మగవాళ్ళకు చాలామందికి బయట తిరిగి వచ్చి తాళం తీసి, చీకటింట్లోకి అడుగు పెట్టే నిమిషం. తెల్లవారుజామున మూడు గంటలు చాలామందికి ఉమ్మడి. ఆదివారాలు మరీ అన్యాయం.

ఇప్పుడు ఒక్క గంటను ఎంచుకోండి. అన్నీ ఒకేసారి మార్చాలని చూస్తే మూడో రోజుకే చేతులెత్తేస్తారు. ఎంచుకున్న గంటకు మూడు మార్పులు చెయ్యాలి: కూర్చునే చోటు మారాలి, చేతికి పని ఉండాలి, ఒక మనిషి ముఖమో గొంతో తగలాలి.

ఆరు గంటల సంగతే తీసుకుందాం. గేటుకు ఎదురుగా వసారా కుర్చీలో కూర్చుంటే చెవులు బండి కోసమే కాచుకుని ఉంటాయి. అయిదూ ముప్పావుకే చెప్పులేసుకుని ఇంటి నుంచి బయటపడండి. కూరగాయలకు పోండి. కానీ ఒక్క పూటకే కొనండి: ఒక కట్ట ఆకుకూర, నాలుగు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు. వారానికి సరిపడా ఒకేసారి తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కితే రేపు బయటికి పోవడానికి కారణం ఉండదు. అమ్మే ఆమె దగ్గర రోజూ కొంటే నాలుగో రోజుకు ఆమే పలకరిస్తుంది. అయిదో రోజు పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతుంది. బయటికి పోయే ముందు ముందుగదిలో లైటు వేసి, రేడియోనో టీవీనో సన్నగా పెట్టి పోండి. తిరిగొచ్చి తాళం తీసినప్పుడు వెలుగూ చప్పుడూ ఎదురొస్తాయి. కరెంటు దండగ అని పిల్లలు అంటే అననివ్వండి.

ఆ గంట రెండు గీతలకు దిగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దిగాకే రెండో గంట జోలికి పోండి.

పొయ్యి వెలగాలి

తోడు పోయిన కొత్తలో మిగిలినవాళ్ళ ఆరోగ్యానికే ముప్పు పెరుగుతుందని చాలా దేశాల్లో వైద్యులు గమనించారు. కారణాలు మన ఇళ్ళలో చూస్తే తెలిసిపోతాయి. ఆయన బీపీ మాత్ర ఆమె చేతికిస్తేనే వేసుకునేవాడు. ఆమె ఆయన కోసమే వండేది, తనకని ఏనాడూ వండుకోలేదు. ఆమె పోతే ఆయనకు మాత్ర లేదు, ఆయన పోతే ఆమెకు కూడు లేదు. అందుకే మొదటి నెలలోనే బీపీ, షుగరు చూపించుకోండి. మందుల షాపులో వారం రోజుల గళ్ళున్న మాత్రల డబ్బా దొరుకుతుంది. ఆదివారం ఒకసారి నింపుకుంటే వేసుకున్నదీ లేనిదీ డబ్బాయే చెబుతుంది.

తిండిలో జరిగే పొరపాట్లు ఎక్కడ చూసినా దాదాపు ఇవే. పెద్ద గిన్నెలో పప్పు చేసి మూడు రోజులు అదే వేడి చేసుకోవడం. ఊరగాయ అన్నంతో పూట గడిపి బీపీ పెంచుకోవడం. మగవాళ్ళయితే పొద్దున హోటల్లో ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి మళ్ళీ బజ్జీ. ఒక్కరికి వండటం వేరే విద్య, అది నేర్చుకోవాలి. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియని మగవాళ్ళు సంగటితో మొదలుపెడితే మేలు. ఒకే గిన్నె, కడుపు నిండుతుంది, తప్పు చేసినా తినడానికి వస్తుంది.

ఒక్కరికి కొలత ఇది. పావు గ్లాసు బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. మందపాటి గిన్నెలో అదే గ్లాసుతో రెండు గ్లాసుల నీళ్ళు, చిటికెడు ఉప్పు. బియ్యం వేసి మెత్తగా, మెతుకు వేలితో నలిగేదాకా ఉడికించండి. ఇంకా పైన నీళ్ళు తేలుతూ ఉండాలి, ఇంకిపోయి ఉంటే కొంచెం వేడినీళ్ళు చేర్చండి. అప్పుడు అరగ్లాసు రాగిపిండిని నడిమధ్యన కుప్పగా పోయండి. కలపొద్దు. మూతపెట్టి సన్న మంట మీద ఆరేడు నిమిషాలు వదిలేస్తే పిండి ఆవిరికి తడిసి ఉడుకుతుంది. దించి, గిన్నెను గుడ్డతో కదలకుండా పట్టుకుని, సంగటి కట్టెతో అంచు నుంచి మధ్యకు గట్టిగా తిప్పండి. పోసిన వెంటనే కలిపితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి మిగులుతుంది. చెయ్యి తడి చేసుకుని ముద్ద చేసుకోండి. ఆకుకూర పప్పో, చెనిక్కాయల పచ్చడో చాలు. కింద కూర్చుని, కంచంలో పెట్టుకుని తినండి. గిన్నెలో నుంచి నిలబడి తింటే అది తిండి లెక్కలోకి రాదు.

నిద్ర సంగతి. మంచం మీద ఖాళీగా ఉన్న పక్క కళ్ళబడకుండా ఏదో ఒక మార్పు చెయ్యండి. కొందరు పోయినవాళ్ళ పక్కకే జరిగి పడుకుంటారు, కొందరు మంచాన్ని వేరే గోడకు తిప్పుకుంటారు. రెండూ పనిచేస్తాయి. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఒకే సమయానికి లేవాలి, పగటి నిద్ర అరగంట దాటకూడదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, అవి డాక్టరు రాస్తేనే. మద్యం తాగితే నిద్ర పడుతుంది, నిజమే. కానీ అదే మద్యం రాత్రి మూడు గంటలకు లేపి కూర్చోబెడుతుంది, ఆ మూడు గంటలు మామూలు మూడు గంటల కన్నా చెడ్డవి. రోజూ అరగంట నడక నిద్రకు మాత్ర కన్నా నయం. మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల ఎండలు తెలిసినవే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపల నడక ముగించుకోవాలి.

కాగితాల పని

సంతోషానికీ కాగితాలకూ ఏం సంబంధం అనిపించవచ్చు. ఒకే ఆఫీసుకు నాలుగుసార్లు పోయి, నాలుగుసార్లూ "ఎట్లా పోయినాడమ్మా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి రావడం ఎంత పచ్చి గాయమో అట్లా తిరిగినవాళ్ళకే తెలుసు. పని తొందరగా, ఒకే దెబ్బకు అయిపోవాలి.

మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి. అది దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో అవుతుంది, ఆ తర్వాత అదనపు కాగితాలు, పై అధికారుల అనుమతులు. ధ్రువపత్రం వచ్చాక పది నకళ్ళు తీయించి పెట్టుకోండి. దాంతోపాటు కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు చెయ్యండి. పేర్లు ఒకచోట ఒకరకంగా, ఇంకోచోట ఇంకోరకంగా ఉండటమే ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయే చోటు: ఆధారులో "లక్ష్మీదేవి", పాసుపుస్తకంలో "లక్ష్మిదేవమ్మ". నమోదు చేయించేటప్పుడే ఆధారు చూసి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

బ్యాంకు పాసుపుస్తకంలో మే నెలాఖరు, జూన్ మొదటి రోజుల్లో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయి ఉన్నాయేమో చూడండి. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తుంది. 20 సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఖాతా తెరిచినప్పుడు ఎక్కడో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండదు. నామినీ ఉంటే కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు డబ్బు ఇవ్వాలి. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే, వారసుల వాటాలు అట్లాగే ఉంటాయి. ప్రైవేటు ఉద్యోగంలో ఉండి పీఎఫ్ కట్టి ఉంటే పీఎఫ్ సొమ్ముతోపాటు పెన్షనూ, బీమా సొమ్మూ ఉంటాయి, మూడింటికీ అడగండి. పేద కుటుంబంలో ఇల్లు గడిపే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 వస్తుంది. భర్త పోయిన ఆడవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000. దరఖాస్తు సచివాలయంలోనే.

పోయినవాళ్ళ ఫోను నంబరు ఏడాది పాటు రీచార్జి చేస్తూ ఉంచండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఏటీఎం కార్డు పిన్ను తెలుసు కదా అని బ్యాంకుకు చెప్పకుండా డబ్బు తీయొద్దు, రేపు వారసుల మధ్య మాట పడేది దాని మీదే.

ఇక, మొదటి ఏడాదిలో ఇల్లు గానీ పొలం గానీ ఎవరి పేరుకూ రాసివ్వకండి. కన్నకొడుకే అయినా సరే. వీలునామా లేకుండా పోయిన హిందూ మగవాడి స్వార్జితంలో భార్యకు, ప్రతి కొడుక్కు, ప్రతి కూతురికి, బతికుంటే అతని తల్లికి సమాన భాగాలు. తర్వాత ఎప్పుడైనా పిల్లలకు రాసివ్వాలనుకుంటే దానపత్రంలో "పోషణ చూడాలి" అన్న షరతు రాయించండి. 60 ఏళ్ళు దాటినవాళ్ళు ఆ షరతు తప్పితే 2007 చట్టం కింద ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌కు పోయి ఆ దానపత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయించకుండా, మాట మీద నమ్మి రాసిస్తే చిక్కు.

బీరువా

పదిహేనో రోజునే ఆడబిడ్డలో పిల్లలో కలిసి బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేస్తారు, చూస్తే బాధ అని. రెండో నెలలో మీరు ఒక చొక్కా కోసం వెతుక్కుంటారు, అది ఉండదు. దీనికి గడువు ఎవరూ పెట్టలేరు. పెద్దకర్మలో ఆచారం ప్రకారం ఇవ్వాల్సినవి ఇచ్చి, బీరువాకు తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.

మూడు నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, మనసుకు దగ్గరైన ఒక్క మనిషిని పక్కన పెట్టుకుని తెరవండి. ఒక గంటే, బీరువాలో ఒక అర మాత్రమే. మూడు మూటలు చెయ్యండి: ఉంచుకునేవి, ఇచ్చేవి, ఇప్పుడే తేల్చుకోలేనివి. మూడో మూటే పెద్దదవుతుంది, కానివ్వండి. దాన్ని అటక మీద పెట్టి ఆరునెలల తర్వాత చూడండి. ఉతకని చొక్కానో చీరనో ఒకటి ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి దాచుకునేవాళ్ళున్నారు. దాంట్లో పిచ్చితనం ఏమీ లేదు. పాత చీరలతో బొంత కుట్టించుకుంటే రోజూ కప్పుకోవచ్చు.

ఫోనులో ఉన్న గొంతును ఇప్పుడే కాపాడుకోండి. వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు, పెళ్ళిళ్ళ వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, పిల్లల ఫోనులోకి ఒక కాపీ. ఫోను పాడయ్యాక ఏడ్చినవాళ్ళు చాలామంది.

బొట్టు, గాజులు, నలుగురి మాట

ఇది ఆడవాళ్ళకే వచ్చే తిప్పలు. భార్య పోయిన మగవాడిని ఏదీ తీసెయ్యమని ఎవరూ అనరు. పదో రోజు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ముందే ఆమెను ఒంటరిగా అడిగి తెలుసుకోవడం పిల్లల బాధ్యత. వద్దంటే పెద్ద కొడుకో కూతురో పెద్దల ముందు చెప్పాలి: "మా అమ్మకు ఇష్టం లేదు, జరగదు." ఆ మాట ఆమె నోటితో చెప్పించకూడదు. తొమ్మిదో రోజు రాత్రే మేనమామకో పెదనాన్నకో చెప్పి ఒప్పిస్తే మరుసటి రోజు గొడవ ఉండదు. వితంతు వివాహాలకు చట్టం వచ్చింది 1856లో. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇంకా మనం గాజుల దగ్గరే ఆగి ఉన్నాం.

పదో రోజు అయిపోయినా బొట్టు మళ్ళీ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోవచ్చు. బయటికి పోయే రోజు కాకుండా మామూలు రోజున, ఇంట్లో చిన్న బొట్టుతో మొదలుపెడితే అద్దంలో తన ముఖం తనకు అలవాటవుతుంది. ఆ తర్వాత వీధి అలవాటుపడుతుంది. ముస్లిం ఇళ్ళలో ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, గర్భిణి అయితే కాన్పు అయ్యేదాకా. అది ముగిశాక బయటి తిరుగుడుకు మతం అడ్డు చెప్పదు, చెప్పేది చుట్టాలే. క్రైస్తవుల్లో ఆదరణ కూడికలు మొదటి వారాల్లో బాగా ఆసరా ఇస్తాయి. అవి ఆగిపోయాక వారానికొక ఇంటి ప్రార్థనకైనా పోతూ ఉండటం మంచిది.

మొదటి శుభకార్యానికి పోవడం గండం లాంటిది. దగ్గరి చుట్టాల పెళ్ళితో మొదలుపెట్టకండి. అక్కడ తాంబూలం, పసుపు కుంకుమ, ఎవరు ముందు నిలబడాలన్న లెక్కలు ఎక్కువ. స్నేహితురాలి మనవడి పుట్టినరోజు లాంటిది ఎంచుకోండి. వెంట ఒక మనిషిని తీసుకుపోండి, ముందే మాట్లాడుకోండి: నేను చెయ్యి నొక్కితే లేచి వెళ్ళిపోదాం అని. గంట సేపు చాలు. ఎవరో ఒకరు నోరు జారుతారు. జవాబు ఇంట్లోనే సిద్ధం చేసుకోండి, పొట్టిగా: "అవును పిన్నీ, కష్టంగానే ఉంది. భోంచేశారా?" మీరే ఎదురు ప్రశ్న వేస్తే మాట అటు మళ్ళిపోతుంది.

నవ్వొచ్చిన రోజు

మూడో నెలలోనో నాలుగో నెలలోనో టీవీ చూస్తూ గట్టిగా నవ్వుతారు. ఆ మరునిమిషం గుండెలో రాయి పడినట్టవుతుంది: ఆయన పోయి వంద రోజులు కాలేదు, నేను నవ్వుతున్నానా అని. ఈ తప్పు చేసిన భావన చాలామందిని మళ్ళీ మొదటికి లాగేస్తుంది.

దుఃఖం మెట్లు మెట్లుగా దిగి ఒక రోజు అయిపోతుందని అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో వేరే రకంగా చెప్పారు. తోడు పోయిన మనిషి ఉయ్యాల ఊగినట్టు రెండు వైపులకూ ఊగుతూ ఉంటాడు: కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతకాల్సిన పనుల వైపు. ఊగడమే ఆరోగ్యం. ఒక వైపే ఆగిపోతే జబ్బు. రాత్రీ పగలూ ఫొటో ముందే కూర్చునేవాళ్ళు ఒక వైపు ఆగిపోయినట్టు. కన్నీళ్ళు రాకుండా పొద్దస్తమానం పనుల్లో మునిగి, పేరెత్తితేనే లేచి వెళ్ళిపోయేవాళ్ళు ఇంకోవైపు ఆగిపోయినట్టు. "ఎంత గట్టి మనిషి" అని ఊరు మెచ్చుకునేది ఈ రెండోవాళ్ళనే, కానీ వీళ్ళ గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి.

రెండు వైపులకూ చోటు పెట్టుకోండి. రోజులో ఇరవై నిమిషాలు వాళ్ళకు: దీపం పెట్టి ఫొటో ముందు కూర్చోవడం, ఏడవడం, ఆ రోజు జరిగింది చెప్పుకోవడం. మాట్లాడండి, ఎవరూ వినకపోయినా. "ట్యాంకు మోటారు మళ్ళీ పాడైంది, నువ్వుంటే..." అన్నా సరే. సమయం అయ్యాక లేచి ఒక చేతిపని ముట్టుకోవాలి, బియ్యం ఏరడం, మొక్కలకు నీళ్ళు. మిగతా వేళల్లో నవ్వొస్తే నవ్వండి. రాత్రి పడుకునే ముందు మాత్రం ఈ ఇరవై నిమిషాలు పెట్టుకోవద్దు, నిద్ర పట్టదు.

మనుషుల్లోకి

"బయటికి పో, మనసు మారుతుంది" అని చెప్పడం తేలిక. ఎక్కడికి? ఒకసారి పోయి వచ్చేచోటు కన్నా వారం వారం అదే రోజు, అదే ముఖాలు కనిపించే చోటే పనికొస్తుంది. యాత్రకు పోతే రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు అదే ఇల్లు. స్వయం సహాయక సంఘంలో ఉన్న ఆడవాళ్ళు సమావేశం మానొద్దు. మొదటి నెల వాయిదా వేరేవాళ్ళతో పంపినా, రెండో నెల నుంచి తామే పోయి సంతకం పెట్టాలి. గుళ్ళో శనివారం భజన, చర్చిలో పాటల బృందం, దర్గాకు గురువారం. కడపలో ఉన్నవాళ్ళకు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, పొద్దుపోని మగవాళ్ళకు మంచి నీడ. కర్నూలు, అనంతపురంలో పొద్దున్నే కాలేజీ మైదానాల్లో నడిచేవాళ్ళ గుంపులున్నాయి. రెండు రోజులు వెనక నడిస్తే మూడో రోజు ఎవరో ఒకరు టీకి పిలుస్తారు.

ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద టికెట్టు డబ్బులు కట్టక్కర్లేదు. ఆధారు చూపించి జీరో టికెట్టు తీసుకుంటే చాలు. నెలకొకసారి అక్క ఇంటికో చెల్లెలి ఇంటికో పోయి ఒక రాత్రి ఉండి రావడానికి చార్జీల సాకు కూడా తీరిపోయింది. రెండు రాత్రులు దాటనీయకండి. ఎక్కువైతే తిరిగి తాళం తీయడం కష్టమవుతుంది. "వచ్చి మా దగ్గరే ఉండు" అని పిల్లలు పిలిస్తే మొదటి ఏడాది ఇల్లు ఖాళీ చెయ్యకుండా నెల రోజులు పోయి చూడండి. పట్నంలో పదో అంతస్తులో, పలకరించే మనిషి లేక, మనవడు బడికి పోయాక మిగిలే మధ్యాహ్నాలు ఊర్లో మధ్యాహ్నాల కన్నా పొడుగు.

తేదీలు

క్యాలెండరు ముందేసుకుని ఏడాదిలో వచ్చే గండాలను ఎర్ర సిరాతో చుట్టండి: పెళ్ళిరోజు, పుట్టినరోజులు, సంక్రాంతి, ఉగాది, మహాలయ అమావాస్య, సంవత్సరీకం. ఆ రోజు కన్నా దాని ముందు వారం ఎక్కువ లాగుతుంది. కారణం తెలియక చిరాకుగా, నీరసంగా ఉంటే క్యాలెండరు చూడండి, జవాబు అందులో ఉంటుంది. ముందే ఒక పని పెట్టుకోవాలి. పండగ లేని ఏడాది ఉగాదికి ఇంట్లో ఓళిగలు చెయ్యరు, పక్కింటివాళ్ళు తెచ్చి ఇస్తారు. ఆ రోజు వాళ్ళ పిల్లల్ని ఓ గంట ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుంటే పూట దాటుతుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు వాళ్ళకు నచ్చిన రంగే కొని పెట్టి, తర్వాత దాన్ని ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి ఇవ్వండి.

ఇంకో తోడు

ఎంత వయసులోనైనా ఇది అడగరాని ప్రశ్న కాదు. కాకపోతే మొదటి ఏడాదిలో నిర్ణయం తీసుకోకండి, అప్పుడు కావాల్సింది మనిషో, వంటో, చీకటింట్లో వెలుగో తేల్చుకోలేరు. భర్త ఆస్తిలో వచ్చిన వాటా మళ్ళీ పెళ్ళి చేసుకున్నా పోదు. వితంతు పెన్షన్ మాత్రం ఆగుతుంది. పిల్లలకు బయటివాళ్ళు చెప్పకముందే మీరే చెప్పండి. ఆస్తి ఎవరికి ఎంతో కాగితం మీద పెట్టాక వాళ్ళ కోపం సగం తగ్గుతుంది. ఫోనులో పరిచయమై, ముఖం చూపకుండా, నెల తిరక్కముందే డబ్బు అడిగితే ఆ మనిషి తోడు కోసం రాలేదు.

ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదు

ఆరునెలలు, ఏడాది దాటినా తీవ్రత కొంచెం కూడా తగ్గకపోతే, ఇంటి పనులు కూడా సాగకపోతే, పోయినవాళ్ళు ఇంకా వస్తారన్నట్టే రోజంతా గడుస్తుంటే అది వైద్యానికి లొంగే సమస్య. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాయించేటప్పుడు "మానసిక విభాగం" అని అడిగితే చాలు. టెలీ మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళకు ఎల్డర్ లైన్ 14567.

"నేనూ పోతే బాగుండు" అన్న మాట నోట్లో నుంచి వస్తే దాన్ని దుఃఖం మాట అని కొట్టిపారేయకండి. అడగండి, సూటిగా: "చావాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఒంటరిగా వదలకూడదు. ఇంకో పని అందరి ఇళ్ళలోనూ, సేద్యం చేసే ఇళ్ళలో మరీ ముఖ్యంగా, ముందే చెయ్యాలి. పురుగుమందు డబ్బాలు, మిగిలిన మాత్రలు ఇంట్లో నుంచి తీసేసి వేరేవాళ్ళ తాళం కింద పెట్టించండి. చావాలన్న ఆ తాకిడి చాలాసార్లు కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో ఉండి తగ్గుతుంది. ఆ సమయంలో చేతికి అందకపోతే మనిషి దక్కుతారు.

ఆరో నెలలో ఆ నోటు పుస్తకం మళ్ళీ తీసి, ఇంకో వారం రోజులు గీతలు పెట్టండి. పాత పేజీలనూ కొత్త పేజీలనూ పక్కపక్కన పరిచి చూడండి. ఆదివారాలు ఇంకా మూడు గీతలే ఉండవచ్చు. ఏదో ఒక మంగళవారం మాపటేల ఆరు గంటల దగ్గర గీత అసలు పెట్టి ఉండరు, ఆకుకూర ఆమెతో బేరమాడుతూ రాయడం మర్చిపోయి ఉంటారు. ఆ ఖాళీని నింపకండి, అట్లాగే ఉంచి, తర్వాత ఏ గంటను పట్టుకోవాలో ఆదివారం పేజీలో వెతకండి.